అద్దము దించరాదు

వేసవి సెలవులలో హైదరాబాదు చూడవచ్చిన చుట్టములకు చార్మినారు, సాలార్జంగు మ్యూజియము చూపిన పిమ్మట ఎక్కడికి తీసికొనిపోవలెనను ప్రశ్నకు ఈ నగరములో ప్రతి యింటను ఒకటే సమాధానము: మీరాలం చెరువు ప్రక్కనున్న నెహ్రూ జంతుప్రదర్శనశాల. మేమును అట్లే పోయితిమి. పెద్దలు ముగ్గురు, పిల్లలు నలుగురు, పులిహోర డబ్బా ఒకటి. టిక్కెట్లు కొనినది మొదలు పిల్లలకు తక్కిన జంతువులేవియు కంటికి ఆనలేదు. ఏనుగు కనబడినను, నీటియేనుగు కనబడినను వారు అడిగిన దొకటే: సింహముల సఫారీ ఎక్కడ?

ఆ సఫారీలోనికి ఎవరి కారులో వారు పోవుటకు వీలులేదు; జూ వారి బండిలోనే పోవలెను. కిటికీలకు ఇనుపజాలి కలదు. బండి మొదటి గేటు దాటి ఆగెను. వెనుక గేటు మూతపడిన చప్పుడు వినబడిన తరువాతనే ముందరి గేటు తెరచుకొనెను. అంతవరకు కేరింతలు కొట్టుచున్న పిల్లలు ఆ రెండు గేట్ల నడుమ ఒక్కసారిగా మౌనము వహించిరి. బండి మెల్లగా మలుపు తిరిగెను. చెట్టునీడన మూడు సింహములు. రెండు ప్రక్కకు ఒరిగి పడుకొనియున్నవి. మూడవది వెల్లకిల పడి, కాళ్లు నాలుగును గాలిలోనికెత్తి, మన యింటి పిల్లివలె నిద్రించుచున్నది.

మా తమ్ముని కొడుకు చాలసేపు చూచి, "ఇవి నిజమైనవేనా పెదనాన్నా?" అని అడిగెను. మేము నోరు తెరచులోపలనే బండిలోని కాపలాదారు బదులు చెప్పెను: "నిజమైనయే బాబూ. పొద్దుగాల తిరిగినయి. ఇగ సాయంత్రం దాంక గింతే."

మైక్రోఫోను నమ్ముకొని బ్రతుకు మావంటివారికి సింహనాదము విందుమను ఆశ యొకటి యుండెను. నిశ్శబ్దముగానున్న వేళ అది 8 కిలోమీటర్ల దూరమువరకు వినబడునందురు. ఆనాడు మాకు వినబడినది గురక మాత్రమే. ఆశాభంగమైన మాట నిజము. కాని యిందులో సింహము చేసిన తప్పేమియు లేదు. దినమునకు 20 గంటలదాక విశ్రమించుట దాని జాతిలక్షణము, అడవిలోనైనను అంతే. దాని వేట యంతయు కొద్ది క్షణముల పరుగులోనున్నది. ఆ పరుగుకు కావలసిన సత్తువను తక్కిన కాలమంతయు అది దాచుకొనును. ఎండవేళ మనము పోయి, అది లేచి నడువలేదని నిందించుట, నడిరేయి ఒకరి తలుపు తట్టి వారు పలుకరించలేదని కోపగించుట వంటిది. ఉదయము గేట్లు తెరచిన వెంటనే గాని, ఎండ వాలిన తరువాత గాని పోయినవారికి సింహము నడచుట చూచు అదృష్టము ఎక్కువ.

సఫారీ యను మాటను గూర్చి ఇక్కడ ఒక ముక్క చెప్పవలసియున్నది. తూర్పు ఆఫ్రికా వారి స్వాహిలీ భాషలో దానికి ప్రయాణమని యర్థము. మూలము అరబ్బీలోని సఫర్. ఆ సఫరే ఉర్దూ ద్వారా, సఫారీ పార్కు పుట్టుటకు ఎంతో ముందే, మన హైదరాబాదు వీధులకు వచ్చియున్నది. తెల్లదొరలు ఆ మాటను వేటకు పరిమితము చేసిరి. అమెరికా అధ్యక్షపదవి నుండి దిగిన థియొడోర్ రూజ్‌వెల్టు 1909లో తూర్పు ఆఫ్రికాకు పోయి జరిపిన సఫారీ అట్టిదే. తరువాత తుపాకి పోయి కెమెరా వచ్చెను. మాట మాత్రము నిలిచెను.

ఇక పార్కు సంగతి. హైదరాబాదు జంతుశాల 1963లో ప్రారంభమాయెను. 1974లో అక్కడ సింహముల సఫారీని తెరచిరి. మన దేశములో అదియే మొదటిది. అయితే ఈ పద్ధతి మనకు స్వయముగా తోచినది కాదు. అంతకు 8 సంవత్సరములకు ముందు ఇంగ్లండులో ఇది ఆరంభమైనది. ఆ కథ చిత్రమైనది.

ఇంగ్లండు నైరుతి భాగమున, విల్ట్‌షైరు మండలములో లాంగ్లీట్ అను భవనము కలదు. 16వ శతాబ్దిలో కట్టిన గొప్ప సౌధము. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆ దేశపు జమీందారుల పరిస్థితి మన జమీందారుల పరిస్థితికన్న ఏమంత మెరుగు కాదు. తండ్రి చనిపోయినచో వారసుడు కట్టవలసిన పన్ను భూములను మ్రింగివేయును. లాంగ్లీట్ యజమానియైన ఆరవ బాత్ మార్క్విస్ 1949లో తన భవనమును రుసుముపై ప్రజలకు తెరచెను. దొరగారి పడకగది చూచుటకు జనము టిక్కెట్టు కొని వచ్చిరి. కాని పైకప్పులు బాగుచేయించుటకు, తోటలు కాపాడుటకు పడకగది యొక్కటే చాలదు గదా!

అట్టి దినములలో జిమ్మీ చిప్పర్‌ఫీల్డు అను నతడు ఒక ఆలోచన తెచ్చెను. తరతరములుగా సర్కసు నడిపిన కుటుంబములోనివాడు. సర్కసులో సింహము వలయము మధ్యనుండును, జనము చుట్టును కూర్చుండి చూతురు. దీనిని తలక్రిందులు చేసిన నేమి? సింహములను మైదానములో వదలి, జనమునే డబ్బాలలో పెట్టి వాటి మధ్యకు పంపవచ్చును. డబ్బాలు కొనవలసిన పనియు లేదు. అప్పటికే ఇంగ్లండులో సామాన్య కుటుంబీకుడు సైతము కారు కొనుచున్నాడు. సింహములు తప్పించుకొనునేమో యని ఇరుగుపొరుగు గ్రామములవారు భయపడిరి, పత్రికలలో వాదోపవాదములు జరిగెను. అయినను 1966లో పార్కు తెరచిరి. ఆఫ్రికాకు వెలుపల, కారులో కూర్చుండియే సింహముల నడుమగా పోగల పార్కు అదియే తొలిది. జనము కార్ల బారులు కట్టి వచ్చిరి. మరుసటి యేడు అమెరికాలోని ఫ్లోరిడాలో మరియొకటి వెలసెను. ఇంగ్లండులోనే విండ్సరు, వోబర్ను, నోస్లీ మొదలగు చోట్ల మరికొన్ని వరుసగా పుట్టుకొనివచ్చెను. వీనిలో విండ్సరుది 1992లో మూతపడెను. నేడు ఆ స్థలములో పిల్లల వినోదోద్యానము కలదు. రంగులరాట్నమును ఆపి గుడ్డ కప్పవచ్చును. సింహమును ఆపి గుడ్డ కప్పుటకు వీలులేదు. పార్కు తెరచుట సులభము, మూయుటయే కష్టము.

కమ్మీలు లేని జంతుశాల యను భావము మాత్రము ఇంకను పాతది. జర్మనీలోని హాంబర్గు నగరమునకు చెందిన కార్ల్ హాగెన్‌బెక్ అను జంతువుల వర్తకుడు 1907లో తన తోటలో సింహములకు ఎదుట కమ్మీలకు బదులు కందకము త్రవ్వించెను. ఏ జంతువు ఎంత దూరము దుముకగలదో ముందుగా పరీక్షించి, అంతకన్న వెడల్పుగా త్రవ్వించినాడు. చూచువారికి సింహమునకును తమకును నడుమ ఏమియు లేనట్లే తోచును. నేటి మన జంతుశాలలలోని కందకములన్నియు ఆ త్రోవలోనివే. సఫారీలో ఈ కనికట్టు మరియొక మెట్టు పైకి పోయినది. అక్కడ చెట్లున్నవి, గడ్డియున్నది, కంచె ఎక్కడో పొదలవెనుక దాగియున్నది. బోను పోలేదు, కంటికి కనబడకుండ పోయినది. అంతే.

కనబడని బోనును నడుపుట కనబడు బోనును నడుపుటకన్న కష్టము. రెండు గేట్లు ఒకేమారు తెరచుకొనకుండ చూచువాడు ఒకడుండవలెను. లోపల తిరుగు బండ్లను కనిపెట్టుచు, చెడిన బండిని లాగివేయుటకు సిద్ధముగా వేరొక బండిలో కావలివారుండవలెను. వానకు కంచెక్రింద మట్టి కోసికొనిపోయినదా, గాలికి చెట్టుకొమ్మ విరిగి కంచెమీదికి ఒరిగినదా యని దినదినము తిరిగి చూచువారుండవలెను. సందర్శకుని కంటికి వీరెవ్వరును ఆనరు. అతనికి అడవి కనబడును.

లాంగ్లీట్‌లో సందర్శకుడు తన కారులోనే పోవును. పైకప్పు గుడ్డతో చేసిన కార్లను సింహములున్న చోటికి రానీయరు. కోతులున్న చోటున మరియొక ముచ్చట. కార్లపైకి ఎక్కి, వానతుడుపు కడ్డీలను, ఏరియళ్లను పీకికొనిపోవుట అక్కడి కోతులకు నిత్యకృత్యము. లివర్‌పూలు నగర సమీపమునందలి నోస్లీ పార్కులో బబూను కోతులు ఇంకను ఘనులు. వాటి బెడద వలదనుకొను కార్ల యజమానులకై పార్కువారు వేరొక దారియే ఏర్పరచిరి. తిరుమల మెట్లదారిలోనో శ్రీశైలములోనో చేతిలోని కొబ్బరిచిప్పను కోతికి సమర్పించుకొని వచ్చిన మనవారికి ఇదియొక వింత కాదు. టిక్కెట్టు కొని మరీ సమర్పించుకొనుట మాత్రము కొంత వింతయే.

కోతి విషయమున నవ్వుకొనవచ్చును. సింహము విషయమున అట్లు కాదు. ఇక్కడ మేము చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాము.

సఫారీలో సింహము కారు ప్రక్కనుండియే పోవును, ఒక్కొక్కప్పుడు తల త్రిప్పి యైనను చూడదు. దీనినిబట్టి అది మచ్చికయైనదని జనము భ్రమపడుదురు. అది మచ్చిక కాదు, అలవాటు. రెంటికిని చాల భేదము కలదు. మచ్చికయైన జంతువు మనిషిని ఎరుగును. అలవాటుపడిన జంతువు, ఈ చప్పుడుచేయు పెద్ద వస్తువువలన తనకు తిండియు లేదు, ప్రమాదమును లేదు అని మాత్రమే ఎరుగును. దాని లెక్కలో కారు, అందులోని మనుష్యులు అంతయు కలిసి ఒకటే ఆకారము. ఆ ఆకారమునుండి ఒక చేయి బయటికి చాచినను, ఒక మనిషి దిగి నిలుచుండినను లెక్క మారిపోవును. అంతవరకు లేని చిన్న జంతువొకటి హఠాత్తుగా దాని యెదుట పుట్టినట్లగును.

2015 జూన్ నెలలో దక్షిణాఫ్రికాలోని జోహానెస్‌బర్గు సమీపమున ఒక సింహముల పార్కులో అమెరికా నుండి వచ్చిన యాత్రికురాలొకతె కారులో పోవుచుండెను. కిటికీ అద్దము దించియుండెను. ఆడుసింహము ఆ కిటికీలోనుండియే మీదబడెను. ఆమె మరణించెను. 2016 జూలైలో చైనా రాజధాని బీజింగు వెలుపలనున్న వన్యమృగ పార్కులో, పులులు తిరుగు చోట ఒక స్త్రీ కారు దిగెను. పులి ఆమెను ఈడ్చుకొనిపోయెను. కూతురిని కాపాడుటకై కారు దిగి పరుగెత్తిన తల్లి పులివాతబడి చనిపోయెను. కూతురు తీవ్రముగా గాయపడియు బ్రతికెను. ఈ రెండు చోట్లను కంచె తెగలేదు, గేటు విరుగలేదు, జంతువు తప్పించుకొనలేదు. అద్దము ఒకచోట దిగినది, తలుపు ఒకచోట తెరచుకొనినది.

కారు మనకు ఇల్లువంటిది. అందులో పాట వినుచుందుము, పిల్లలకు అన్నము పెట్టుచుందుము, ఒకరితో నొకరు పోట్లాడుచుందుము. ఆ ధైర్యమే అక్కడ చేటు. అద్దము దించుట అలవాటైన చేయి, ఫోటో తీయవలెనను కోరిక కలిగినపుడు, మనసును అడుగకయే పోవును. అందుచేత పిల్లలకు లోపలికి పోయిన పిమ్మట గాక ముందే చెప్పవలెను. కిటికీ మీటకు తాళము వేయు ఏర్పాటు కారులోనున్నచో వేయవలెను. బండి ఆగిపోయినచో దిగి బానెటు ఎత్తరాదు. హారను మ్రోగించి కూర్చుండవలెను, కావలివారు వత్తురు. జూ బండిలో పోవునపుడు జాలి కన్నములలో వ్రేళ్లు పెట్టరాదు, లోపలినుండి కేకలు వేసి, జాలి తట్టి, పడుకొనిన జంతువును లేపచూడరాదు. మా బండిలోనే ఒక పెద్దమనిషి చప్పట్లు కొట్టెను. సింహము లేవలేదు. కాపలాదారు మాత్రము లేచి అతనివంక చూచిన చూపు సింహపుచూపునకు తీసిపోదు.

తిరిగివచ్చుచుండగా మా పిల్లవాడు రెండవ ప్రశ్న వేసెను. "ఇవి ఎక్కడినుండి వచ్చినవి?" ఇది మొదటి ప్రశ్నకంటె పెద్దది.

ఆసియా సింహములు అడవిలో స్వేచ్ఛగా బ్రతుకు చోటు ప్రపంచములో నేడు గుజరాతు రాష్ట్రమందలి గిర్ ప్రాంతమొక్కటే. 1968లో లెక్కించినపుడు అవి 177. 2020లో 674, 2025లో 891. ఇది సంతోషింపదగిన విషయము. కాని ప్రదర్శనశాలలలోని సింహముల చరిత్ర వేరు. సర్కసువారు ఆఫ్రికా సింహములను తెచ్చి, గిర్ సంతతితో కలిపి పెంచిరి. కొన్ని జంతుశాలలును అట్లే చేసెను. చండీగఢ్ సమీపమునందలి ఛత్‌బీర్ జంతుశాలలో ఇట్లు పుట్టిన సంకరజాతి సింహముల సంఖ్య ఒకప్పుడు 80 దరిదాపులకు పోయెను. సఫారీ నిండుగా కనబడెను, జనము సంతోషించిరి. పిమ్మట ఆ సింహములు రోగములకు తాళజాలక ఒక్కొక్కటే క్షీణింపసాగినవి. చివరకు వాటికి సంతానము కలుగకుండ చేయవలసివచ్చెను. ఏ సింహము శుద్ధమైన గిర్ జాతిదో, ఏది సంకరమో చూపుతో తేల్చుట కష్టము. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయపు శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఏ. పరీక్షలద్వారా దీనిని తేల్చుటకు తోడ్పడిరి.

1998లో కేంద్రప్రభుత్వము సింహము, పులి, చిరుత, ఎలుగు, కోతి అను ఈ జంతువులను ఆటలాడించుటను నిషేధించెను. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధమును సమర్థించెను. మరి సర్కసు గుడారములలోనున్న సింహములు ఎక్కడికి పోవలెను? అడవికి పంప వీలులేదు. అవి వేట ఎరుగవు, జాతియు కలగాపులగము. వాటికై దేశములో కొన్ని చోట్ల పునరావాస కేంద్రములు కట్టిరి. వానిలో రెండు తెలుగు నేలమీదనే యున్నవి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతుశాల ఆవరణలో ఒకటి, విశాఖపట్నములోని ఇందిరాగాంధీ జంతుశాల ఆవరణలో ఒకటి. చక్రముల బండిమీది ఇరుకుబోనులో ఊరూరు తిరిగి, నిప్పుల వలయములలో దూకిన సింహములు అక్కడికి చేరి, సంతానము లేకుండ, ఆటలు లేకుండ వృద్ధాప్యమును గడిపినవి. సఫారీ పార్కు సర్కసువాని ఆలోచననుండి పుట్టినదని ముందే చెప్పితిమి. సర్కసు సింహము కడపటికి జంతుశాల గడపకే చేరుట చూచినచో ఋణము తీరినట్లు తోచును. ఎవరి ఋణమో మాత్రము చెప్పుట కష్టము.

సఫారీకి పోయినవారు సింహము లేవలేదని విసుగుకొనుటకు మారుగా ఒక పని చేయవచ్చును. మగసింహము తలవైపు చూడుడు. ఆసియా సింహమునకు నెత్తిమీది జూలు పలుచన. చెవులు పైకి కనబడుచుండును. ఆఫ్రికా సింహమునకు జూలు దట్టము. చెవులు అందులో మునిగిపోవును. అది నిలుచుండినచో పొట్టక్రింద చూడుడు. పొడవునను వ్రేలాడు చర్మపు మడత ఆసియా సింహములలో తరచుగా కనబడును. ఇవి నూటికి నూరుపాళ్లు నమ్మదగిన గుర్తులు కావు. ఐనను పిల్లలకు ఇవి చెప్పినచో నిద్రించు సింహమును సైతము పది నిమిషములు కన్నార్పక చూతురు. మా పిల్లవాడు చూచినాడు.

బోనులోని సింహముకన్న సఫారీలోని సింహము సుఖముగానున్నదా యని అడిగినవారికి మా సమాధానము: ఉన్నది. నేల మెత్తగానున్నది, నీడను తానే ఎంచుకొనుచున్నది, మనుష్యుల చూపునుండి తొలగి పొదచాటునకు పోగలదు. ఈ మూడవది చిన్న సుఖము కాదు. కాని దానిని స్వేచ్ఛ యనరాదు. అడవిలో ఒక్కొక్క సింహము పదులకొలది చదరపు కిలోమీటర్ల మేర తిరుగును. ఇక్కడ దాని లోకము ఒక మలుపుదారి, ఒక నీటితొట్టి, కొన్ని చెట్లు. దానిని ఆ లోకములో నిలుపునది కంచె యొక్కటియే కాదు, ఆకలి కూడ. మన జంతుశాలలలో సాధారణముగా సాయంత్రము మాంసమును లోపలి గదులలోనే పెట్టుదురు. గది తలుపు తెరచుదురు, వాసనకు సింహము తానే వచ్చును, తలుపు పడును. వారమునకు ఒకనాడు తిండి పెట్టకుండుటయు వాడుకలో కలదు. అడవిలో వేట దినదినము దొరకదు గదా, కడుపునకు ఆ విరామము మేలు.

బండి దిగునపుడు మేము కాపలాదారును అడిగితిమి, సాయంత్రము అన్నియు పిలువగనే వచ్చునా యని.

"ఆకలైతే అవే వస్తయి సార్," అనెను. "ఒక్కొక్కనాడు ఒకటి మొరాయిస్తది. వాన మొగులైన రోజు ఎక్కువ. గప్పుడు మేం గూడ ఇంటికి పోము. అది వచ్చేదాంక కూసుంటం."